టరాంటులాలను ఒకే గూట్లో కలిపి పెంచడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒకే గాజు పెట్టెలో పది పన్నెండు టరాంటులాలు, అంటే ఒళ్ళంతా వెంట్రుకలుండే పెద్ద సాలీళ్ళు, ఒకదాని మీదుగా ఒకటి నడిచిపోయే దృశ్యం చూశాక, మేమూ అలా పెట్టుకోవచ్చా అని చాలామంది అడుగుతుంటారు. నేను వీటిని విడివిడిగానూ పెంచాను, గుంపుగానూ పెంచాను. చక్కగా నిలిచిన గుంపునూ చూశాను, కళ్ళముందే చెడిపోయిన గుంపునూ చూశాను. నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలకు నాకు తెలిసినంతలో జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

టరాంటులాలు అసలు గుంపుగా బతికే జీవులేనా?

కావు. టరాంటులాల్లో వెయ్యికి పైగా జాతులున్నాయి. దాదాపు అన్నిటిదీ ఒంటరి కాపురమే. ఒక బొరియ, అందులో ఒక సాలీడు. గడప దాకా ఇంకేదైనా వచ్చిందంటే అది తిండి అయినా అయ్యుండాలి, జత కోసం వచ్చిన మగదైనా అయ్యుండాలి.

జీవితాంతం కలిసి గూడు కట్టి, కలిసి వేటాడి, కలిసి పిల్లల్ని సాకే సాలీళ్ళు లోకంలో లేకపోలేదు. భారతదేశంలో ముళ్ళచెట్ల మీద చిరిగిన గుడ్డపేలికల్లా కనిపించే గూళ్ళు కట్టే స్టెగోడైఫస్ సరసినోరమ్, దక్షిణ అమెరికా అడవుల్లో ఒకే వలలో వేల సంఖ్యలో ఉండే అనెలోసిమస్ ఎక్సిమియస్ అలాంటివే. కానీ 50,000కు పైగా ఉన్న సాలీడు జాతుల్లో ఈ తరహావి పాతిక దాకానే తేలతాయి. వాటిలో టరాంటులా ఒక్కటి కూడా లేదు.

మరి కొన్ని టరాంటులాలు కలిసి ఎలా ఉంటున్నాయి?

తల్లి వల్ల. గుడ్ల సంచిలోంచి బయటపడ్డ పిల్లలు ఏ జాతిలోనైనా కొన్నాళ్ళు తల్లి బొరియలోనే ఉంటాయి. ఆ రోజుల్లో తల్లి వాటిని తినదు, అవి ఒకదాన్నొకటి తినవు. తర్వాత ఎవరి దారి వారిదే. చాలా జాతుల్లో ఈ గడువు కొద్ది వారాలే. కొన్నిటిలో మాత్రం అది నెలల తరబడి సాగుతుంది. కామెరూన్ ప్రాంతపు హిస్టెరోక్రేట్స్ గైగాస్ పిల్లలు నెలలపాటు తల్లి బొరియలోనే ఉండి, అక్కడే తిని పెరిగి, ఆ తర్వాతే చెదిరిపోతాయి. చెట్టు తొర్రల్లో ఉండే పొయెసిలోథెరియా జాతుల్లో తల్లీ పిల్లలూ ఒకే తొర్రలో కనిపించడం మామూలే. మంచి తొర్ర దొరకడం కష్టం కాబట్టి, ఉన్నచోటే సర్దుకోవడం వాటికి అలవాటైంది.

మనం ఉమ్మడి గూడు అంటున్నది ఈ గడువునే. కడుపునిండా తిండి, దాక్కోవడానికి చోటు ఇచ్చి దాన్ని వీలైనంత పొడిగిస్తున్నాం, అంతే. ఏ జాతి గడువు సహజంగానే పొడుగో ఆ జాతితో గుంపు నిలుస్తుంది. గడువు తక్కువున్న జాతిని తెచ్చి ఎంత పెద్ద పెట్టెలో పెట్టినా నిలవదు. ఇక కింద చెప్పేదంతా ఈ ఒక్క మాట మీదే నడుస్తుంది.

ఒంటరిగా ఉంటే నా టరాంటులాకు దిగులుగా ఉండదా? తోడు తెచ్చిపెట్టనా?

దయచేసి ఆ పని చేయకండి. దానికి ఎనిమిది కళ్ళున్నా చూపు అంతంతమాత్రం. లోకాన్ని అది కాళ్ళకు తగిలే కంపనంతోనూ, పట్టుదారాల మీద అంటుకున్న వాసనలతోనూ తెలుసుకుంటుంది. దాని బొరియలో ఇంకో కంపనం మొదలైందంటే అది దానికి తోడు దొరికినట్టు కాదు, ప్రమాదం ముంచుకొచ్చినట్టే. మెక్సికోకు చెందిన బ్రాకిపెల్మా హమోరీ, చిలీకి చెందిన గ్రామోస్టోలా రోజియా లాంటివి మనిషి దగ్గర ఎంత నెమ్మదిగా ఉన్నా, రెండింటిని కలిపితే చివరికి మిగిలేది ఒక్కటే. మనతో నెమ్మదిగా ఉండటం వేరు, తోటి సాలీడును ఓర్చుకోవడం వేరు.

ఏ జాతితో మొదలుపెట్టాలి?

నన్నడిగితే ఒక్కటే పేరు చెబుతాను. మోనోసెంట్రోపస్ బాల్ఫౌరీ. యెమెన్ దేశానికి చెందిన సొకోట్రా దీవి దీని పుట్టిల్లు. 1897లో పోకాక్ అనే శాస్త్రవేత్త దీన్ని వర్ణించి పేరు పెట్టాడు. నీలి కాళ్ళు, లేత గోధుమరంగు వీపు. మట్టిలో బొరియ తవ్వుతుంది, పైన పట్టుతో సొరంగాలు అల్లుతుంది. గుంపుగా పెట్టినప్పుడు ఆ సొరంగాలు ఒకదానితో ఒకటి కలిసిపోయి పెట్టె మొత్తం ఒకే ఇల్లయిపోతుంది.

ఈ జాతి తల్లి పిల్లల కోసం పడే తాపత్రయం చూసి తీరాలి. ఒకసారి తల్లీ పిల్లలూ ఉన్న పెట్టెలో రాత్రిపూట ఒక కీచురాయిని వేసి, ఎర్ర దీపం వెలుతురులో కూర్చున్నాను. తల్లి ఒక్క ఉదుటున దాన్ని పట్టింది. తినడం మొదలుపెడుతుందని అనుకున్నాను. అది మాత్రం కీచురాయిని నోట పట్టుకుని సొరంగం మొగదల దాకా వచ్చి ఆగింది. వేలిగోరంత కూడా లేని పిల్లలు ఒక్కొక్కటే వచ్చాయి. ఒకటి తొడ దగ్గర, ఒకటి మెడ కింద, రెండు పొట్ట మీద కోరలు దించాయి. కాసేపటికి తల్లి వదిలేసి పక్కకు జరిగింది. పిల్లలు తింటుంటే అది ముందుకాళ్ళు చాపుకుని అక్కడే కదలకుండా ఉండిపోయింది. సాలీళ్ళంటే మనకున్న ఊహ ఆ ఒక్క రాత్రితో మారిపోతుంది.

అందుకే ఈ జాతిలో పిల్లలు పెద్దవై, ఆడవి ఈడుకొచ్చాక కూడా ఒకే గూట్లో ఏళ్ళ తరబడి నిలిచిన గుంపులు చాలామంది పెంపకందార్ల దగ్గర ఉన్నాయి. అలాగని ఒక్కటి కూడా పోదని నేను మాట ఇవ్వను. అయితే కాసుకోండి, ఇది చాలా వేగంగా కదిలే సాలీడు, కాటు కూడా గట్టిదే. మొదటి టరాంటులాగా దీన్ని తెచ్చుకోవద్దు. విడిగా రెండు మూడు వేగమైన జాతుల్ని పెంచి చేయి తిరిగాకే దీని జోలికి వెళ్ళండి.

పొయెసిలోథెరియా జాతుల్ని కలిపి పెంచవచ్చా? ఎక్కువగా వినిపించేది అదే పేరు కదా.

అవును, దశాబ్దాలుగా ఉమ్మడి గూడు అంటే ముందుగా వినిపించే పేరు అదే. రెగాలిస్ లాంటి జాతుల పిల్లలు కార్క్ బెరడు గొట్టంలో ఒకదాని పక్కన ఒకటి కాళ్ళు తగిలించుకుని కూర్చుంటే చూడముచ్చటగా ఉంటుంది. కొందరి దగ్గర ఇవి పెద్దయ్యేదాకా నిలిచాయి కూడా.

నా అనుభవం చెబుతాను. ఒకే గుడ్ల సంచికి చెందిన ఎనిమిది రెగాలిస్ పిల్లల్ని కలిపి పెట్టాను. ఏడాదికి పైగా ఒక్క గొడవా లేదు. ఇక నిశ్చింతే అనుకుంటున్న రోజుల్లో, పెద్ద ఆడది ఒకటి తొర్ర మొత్తం తనదే అన్నట్టు మారింది. మొదట మిగతావి పెట్టె పై మూలలకు చేరాయి. ఆ ఆడది వాటి మీదుగా నడిచినప్పుడల్లా అవి ఉలిక్కిపడి పరుగెత్తేవి. ఆ సైగను నేను చదవలేకపోయాను. రెండు వారాల్లో రెండు పోయాయి. తప్పు పూర్తిగా నాదే. పిల్లలప్పుడు ఉన్న ఓర్పు పెద్దయ్యాకా ఉంటుందనుకున్నాను. ఈ జాతుల్లో గడువు తెగేది సరిగ్గా ఈడుకొచ్చే వేళకే. కలిపి పెట్టాలనుకుంటే చిన్నప్పటి దశ వరకే పెట్టుకుని, సగం పెరిగేసరికి విడదీయడం మేలని నా అభిప్రాయం.

ఇదే తెగకు చెందిన పొయెసిలోథెరియా మెటాలికా సంగతి వేరు. గుత్తిలో దొరికిన ఒక సాలీడును బట్టి 1899లో పోకాక్ దీన్ని వర్ణించాడు. ఆ తర్వాత వందేళ్ళకు పైగా ఎవరికీ కనబడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్ళీ కనిపించింది. అడవిలో దీని ఉనికి అతి తీవ్రమైన ప్రమాదంలో ఉందని అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ ఎర్ర జాబితా చెబుతోంది. ఒక్కో పిల్లా ఇంత విలువైన జాతితో, ఒకటి రెండు పోయినా పర్వాలేదనుకునే ప్రయోగం చేయడం నాకు సమ్మతం కాదు.

ఇంకేమైనా జాతులు ఉన్నాయా?

ట్రినిడాడ్, వెనెజులాలకు చెందిన నియోహోలోథేలె ఇన్సీ, ఆఫ్రికాకు చెందిన హెటెరోథేలె విల్లోసెల్లా అనే రెండు పొట్టి జాతులు ఉన్నాయి. రెండూ పట్టు బాగా అల్లుతాయి, గుంపుగా పెట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు. నష్టాలు లేకుండా జరిగినవి మాత్రం తక్కువే. అవిక్యులేరియా జాతులతో కొందరు ప్రయత్నిస్తారు, నేను వద్దంటాను.

రెండు వేర్వేరు జాతుల్ని కలపవచ్చా?

కూడదు. ఇందులో మినహాయింపులు లేవు.

ఎన్నింటితో, ఎంత వయసులో మొదలుపెట్టాలి?

ఒకే గుడ్ల సంచి పిల్లలై ఉండాలి. ఒకేచోట పెరుగుతూ, ఇంకా విడిపోకముందే గుంపుగా తెచ్చుకుంటే మరీ మంచిది. అమ్మేవారు పిల్లల్ని ఒక్కొక్కటి విడి డబ్బాల్లో నెలలపాటు పెంచి ఉంటే వాటి గడువు అప్పటికే తీరిపోయిందనుకోండి. సైజులో కూడా పెద్ద తేడా ఉండకూడదు. అన్నిటికన్నా చిన్నదే ముందుగా తిండి అవుతుంది.

సంఖ్య విషయంలో, రెండు మూడింటితో మొదలుపెట్టవద్దు. ఏడెనిమిది నుంచి పన్నెండు వరకు ఉంటే గుంపు త్వరగా కుదురుకుంటుందని నేను గమనించాను. తక్కువ ఉన్నప్పుడు ఒక్కటి పెత్తనం చేస్తే మిగిలినదానికి దిక్కుండదు.

పెట్టె ఎంత పెద్దది ఉండాలి? లోపల ఏమేం పెట్టాలి?

చిన్న పెట్టె అయితే ఒకదానికొకటి అలవాటు పడతాయని కొందరు, పెద్ద పెట్టె అయితే తప్పించుకునే చోటుంటుందని కొందరు వాదిస్తారు. నా దృష్టిలో కొలతకన్నా ముఖ్యమైనది దాక్కునే చోట్లు ఎన్ని ఉన్నాయన్నదే. సాలీళ్ళ సంఖ్య కన్నా ఒకటి రెండు ఎక్కువ ఆశ్రయాలు ఉండాలి. ప్రతిదానికీ రెండు దారులుండాలి. ఒకే దారి ఉన్న గొట్టంలో చిక్కుకున్న చిన్నది బయటికి రాలేదు.

బాల్ఫౌరీ పిల్లలకు నేను చేసే ఏర్పాటు ఇది. గాలి రెండు ఎదురెదురు పక్కల నుంచి ఆడేలా రంధ్రాలున్న పెట్టె. అడుగున పన్నెండు నుంచి పదిహేను సెంటీమీటర్ల మట్టి. కొబ్బరి పీచు పొట్టు ఒక్కటే వేస్తే బొరియలు కూలిపోతాయి, అందుకే తోటమట్టి కలిపి అదిమి పెడతాను. ఆ తోటమట్టిలో ఎరువులు, పురుగుమందులు ఉండకూడదు. కార్క్ బెరడు ముక్కలు ఏటవాలుగా, సగం మట్టిలోకి దిగేలా పాతుతాను. ప్రతి ముక్క కింద వేలితో చిన్న గుంట తవ్వి పెడతాను, అక్కడి నుంచి అవే తవ్వుకుంటాయి. ఎండు ఆకులు, సన్న పుల్లలు పట్టు అల్లుకోవడానికి ఆధారం.

మట్టి పైభాగం నుంచి మూత వరకు ఎత్తు మరీ ఎక్కువ ఉండకూడదు. నేలజాతి సాలీడు ఎత్తు నుంచి పడితే పొట్ట పగులుతుంది. తొర్రల్లో ఉండే పొయెసిలోథెరియాలకు మాత్రం ఎత్తైన పెట్టె, నిలువుగా నిలబెట్టిన గొట్టాలు కావాలి.

ఒకసారి గూడు కుదిరాక దాన్ని కదిలించవద్దు. మట్టి మార్చడం, బెరడు ఎత్తి చూడటం, శుభ్రం పేరుతో పట్టు తుడిచేయడం, ఇవన్నీ వాటి ఇంటిని కూల్చినట్టే. ఆ పట్టు మీద ఉన్న వాసనే వాటికి ఇది మన ఇల్లు అని చెప్పే గుర్తు.

నీళ్ళు, తేమ, వేడి?

లోతులేని నీళ్ళ గిన్నె ఎప్పుడూ ఉండాలి. గుంపు పెద్దదైతే రెండు మూలల్లో రెండు. బాల్ఫౌరీ పొడి దీవికి చెందినది. మట్టి చాలావరకు పొడిగా, ఒక మూల అడుగున మాత్రం చెమ్మగా ఉంటే చాలు. మనిషికి హాయిగా ఉండే గది వేడిలో అవి కూడా హాయిగానే ఉంటాయి. పెట్టె అడుగున హీటర్లు పెట్టకండి. వేడి తప్పించుకోవడానికి సాలీడు కిందికి తవ్వుతుంది, అక్కడే వేడి ఎక్కువ.

తిండి ఎలా పెట్టాలి?

విడిగా పెంచే టరాంటులాకు వారం పది రోజులు తిండి లేకపోయినా మనం కంగారుపడం. గుంపులో ఆ నిబ్బరం పనికిరాదు. ఆకలి మొదలైతే ముందుగా తెగేది ఓర్పే. పిల్లలున్న గుంపుకు వారానికి రెండుసార్లు పెడతాను. లోపల ఎన్ని ఉన్నాయో అన్ని కీటకాలు, ఇంకో రెండు ఎక్కువ. అన్నీ ఒకే చోట వేయను, మూలమూలకీ వేస్తాను. ఒకేచోట వేస్తే పెద్దవి ముందు పడి తింటాయి, చిన్నది మూలనే మిగిలిపోతుంది.

పిల్లలు మరీ చిన్నవైతే చంపిన కీచురాయిని ముక్కలుగా చేసి సొరంగం నోళ్ళ దగ్గర పెట్టవచ్చు. బాల్ఫౌరీ పిల్లలకు మాత్రం వాటి సైజుకన్నా కొంచెం పెద్ద కీటకం వేసి చూడండి. నలుగురు కలిసి పడగొడతాయి. పొట్టలు ఆరోగ్యంగా గుండ్రంగా ఉన్నాయా, ఏదైనా ఒకటి ముడుచుకుపోయి ఉందా అని ప్రతిసారీ గమనించండి. తినకుండా మిగిలిన కీటకాన్ని మర్నాటికల్లా తీసేయాలి, కారణం తర్వాతి ప్రశ్నలో ఉంది.

కుబుసం విడిచే సమయంలో ఒకదాన్నొకటి తినవా?

గుంపులో అన్నిటికన్నా ప్రమాదకరమైన ఘడియ అదే. కుబుసం విడిచే టరాంటులా ఎక్కువగా వెల్లకిలా పడుకుంటుంది. కొన్ని గంటలపాటు లేచి నిలబడలేదు, పరుగెత్తలేదు. పాత చర్మం వదిలాక కూడా ఒళ్ళు మెత్తగానే ఉంటుంది. కోరలు మొదట తెల్లగా, తర్వాత ఎర్రగా, చివరికి నల్లగా మారతాయి. అవి నల్లబడి గట్టిపడే వరకు అది దేన్నీ కరవలేదు, తనను తాను కాపాడుకోలేదు. ఆకలితో తిరిగే ఒక్క కీచురాయి సైతం ఆ సమయంలో దాన్ని కొరికి చంపగలదు.

మంచి గుంపులో ఏం జరుగుతుందంటే, కుబుసానికి సిద్ధమైనది ఒక మూల గదిలోకి పోయి, దారిని పట్టుతో మూసుకుంటుంది. మిగతావి ఆ పట్టును తాకి వెనక్కి మళ్ళుతాయి. అందుకే ఆశ్రయాలు ఎక్కువ ఉండాలని పైన అంతగా చెప్పాను. ఎక్కడైనా కొత్తగా మూసుకున్న సొరంగం కనిపిస్తే మిగతావాటికి ఆ వారం ఒక పూట అదనంగా తిండి పెట్టండి. కడుపు నిండినది పక్కదాని గడపలోకి తొంగిచూడదు.

లోపల ఎన్ని మిగిలాయో ఎలా తెలుస్తుంది?

నిజం చెప్పాలంటే కచ్చితంగా తెలియదు. సొరంగాల్లో ఉన్నవాటిని లెక్కపెట్టలేం. నేను లెక్క వేసేది బయట దొరికే వాటిని బట్టి.

బాల్ఫౌరీలు పాత కుబుసాన్ని తరచుగా సొరంగం బయటికి నెట్టేస్తాయి. దాన్ని పట్టకారుతో మెల్లగా తీసి తెల్ల కాగితం మీద పెట్టండి. వీపు డిప్ప మూతలా తెరుచుకుని, లోపల ఖాళీగా, ఊదితే ఎగిరిపోయేంత తేలికగా ఉంటే అది కుబుసం. కాళ్ళు ఎనిమిదీ చేతితొడుగు వేళ్ళలా బోలుగా ఉంటాయి. అలా కాకుండా నమిలి ఉండచుట్టినట్టు, నల్లగా గట్టిగా, అందులో కాలి ముక్కలూ విరిగిన డిప్పా కలగలిసి ఉంటే, అది మిగతావి తినేసిన ఒక సాలీడు ఆనవాలు. కీచురాయి ఉండకూ దీనికీ తేడా రెక్కల్ని బట్టి, వెంట్రుకల్ని బట్టి తెలుస్తుంది. చిన్న భూతద్దం దగ్గర పెట్టుకోండి.

తారీకు వేసి, ఎన్ని కుబుసాలు, ఎంత సైజు అని ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటే ఆరు నెలల్లో మీకే ఒక అంచనా వస్తుంది. పెద్ద కుబుసమైతే నీళ్ళలో నానబెట్టి విప్పి, పొట్ట భాగంలో ముందు జత ఊపిరి సంచుల మధ్య చూస్తే ఆడదో మగదో కూడా తెలుస్తుంది.

ఒకటి చనిపోయింది. వెంటనే అన్నిటినీ విడదీయాలా?

వెంటనే వద్దు. ముందు అది ఎలా పోయిందో చూడండి. కుబుసంలో చిక్కుకుని పోయినది, బలహీనంగా పుట్టినది తర్వాత మిగతావాటికి ఆహారమైతే దాన్ని గొడవ అనలేం. గుంపు చెడుతోందనడానికి గుర్తులు వేరే ఉంటాయి. కొన్ని సాలీళ్ళు పగలు కూడా ఆశ్రయం వదిలి పై మూలల్లో వేలాడుతుంటాయి. ఒకదానికి ఒకటి తగలగానే పరుగులు, ముందుకాళ్ళు ఎత్తి బెదిరింపులు. ఉన్నట్టుండి ఒకటి రెండింటికి కాళ్ళు తక్కువ కనిపించడం. ఒక్కటే బాగా లావెక్కి, మిగతావి సన్నబడటం. వీటిలో రెండు ఒకేసారి కనిపిస్తే ఆ రోజే విడదీయండి. రేపు చూద్దామనుకోవద్దు, నేను అలా అనుకునే రెండింటిని పోగొట్టుకున్నాను.

విడదీసిన దాన్ని కొన్నాళ్ళ తర్వాత తిరిగి గుంపులో కలపవచ్చా?

కలపకూడదు. దాని వాసన మారిపోయి ఉంటుంది, దాని గడువు తీరిపోయి ఉంటుంది. కొత్త సాలీడును పాత గుంపులోకి చేర్చడం కూడా ఇంతే.

మగవి ఈడుకొస్తే ఏం చేయాలి?

మగవి ఆడవాటికన్నా ముందే ఈడుకొస్తాయి. చివరి కుబుసం తర్వాత నోటి పక్కనుండే పొట్టి కాళ్ళ చివర బొడిపెల్లా ఉబ్బుతాయి, ఒళ్ళు సన్నబడి కాళ్ళు పొడుగ్గా కనిపిస్తాయి, రాత్రంతా తిరుగుతూనే ఉంటుంది. ఈ తిరుగుడు గుంపు మొత్తాన్ని అలజడి పెడుతుంది. పైగా లోపల ఉన్న ఆడవన్నీ తోబుట్టువులే. అందుకే మగదాన్ని గుర్తించగానే బయటికి తీసి విడిగా ఉంచుతాను. దానికి మిగిలిన ఆయుష్షు కొద్ది నెలలు, మహా అయితే ఏడాది పైచిలుకు. ఆడవి మాత్రం దశాబ్దానికి పైగా బతుకుతాయి, గుంపు పెట్టేముందు ఇది గుర్తుంచుకోవాలి.

గూట్లో గుడ్ల సంచి కనిపించింది!

తల్లి జోలికి వెళ్ళకండి. నీళ్ళు, తిండి మామూలుగా ఇస్తూ పెట్టెకు కుదుపు తగలకుండా చూడండి. బెదిరితే తల్లే సంచిని తినేస్తుంది. పుట్టే పిల్లలన్నిటికీ చోటు ఎక్కడో ముందే ఆలోచించుకోవాలి. తోబుట్టువుల సంతానం అయితే ఆ మాట దాచకుండా చెప్పి ఇవ్వాలి.

కాటు వేస్తే?

గుంపుగా పెంచడానికి పనికొచ్చే జాతుల్లో బాల్ఫౌరీ, పొయెసిలోథెరియా రెండూ ఆసియా, ఆఫ్రికా వైపు టరాంటులాలే. అమెరికా ఖండాల టరాంటులాల్లో చాలావాటికి ఉండే దురద పుట్టించే పొట్ట వెంట్రుకలు వీటికి ఉండవు. వీటి రక్షణంతా వేగమూ, విషమే. టరాంటులా కాటుతో మనిషి చనిపోయినట్టు నిర్ధారణ అయిన సందర్భం లేదు. అయినా పొయెసిలోథెరియా కాటు తేలిగ్గా తీసుకోవలసినది కాదు. తీవ్రమైన నొప్పి, వాపు, ఆపైన కండరాలు పట్టేయడం. ఆ పట్టేయడం తగ్గినట్టే తగ్గి, కొన్ని రోజుల తర్వాత మళ్ళీ రావచ్చు. కాటు పడితే చోటు శుభ్రంగా కడిగి, నేరుగా వైద్యుల దగ్గరికి వెళ్ళి ఏ జాతి సాలీడో పేరు చెప్పండి. ఛాతీలో నొప్పి, ఊపిరి ఆడకపోవడం ఉంటే క్షణం ఆలస్యం చేయవద్దు. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే పెట్టెకు తాళం ఉండాలి. ఈ జాతుల్ని చేతిలోకి తీసుకోవడం ఏ పరిస్థితిలోనూ వద్దు.

మూత తీసినప్పుడు ఒకటి బయటికి దూకితే?

విడిగా ఉన్న సాలీడు ఎక్కడుందో చూసి మూత తీస్తాం. గుంపులో అది కుదరదు. ఒకదాన్ని చూస్తుంటే ఇంకొకటి మూత అంచున ఉంటుంది. అందుకని పెట్టెను ఎత్తైన అంచులున్న పెద్ద ప్లాస్టిక్ టబ్బులో పెట్టి, అప్పుడే మూత తీయండి. పక్కన ఒక పారదర్శకమైన డబ్బా, ఒక గట్టి అట్ట, పొడుగాటి మెత్తని పెయింట్ బ్రష్ సిద్ధంగా ఉండాలి. బయటికి వచ్చినదాన్ని తరమవద్దు. ఆగేవరకు ఆగి, డబ్బా బోర్లించి, అట్ట కింద నుంచి జరపండి. తిండి వేయడానికి మూతలోనే చిన్న కిటికీ ఉన్న పెట్టె అయితే ఈ బెడద సగం తగ్గుతుంది.

బూజు, చిన్న పురుగులు పడుతున్నాయి.

తేమ ఎక్కువై, గాలి తక్కువైంది. తిండి మిగుళ్ళు తీయండి, తడి తగ్గించండి. చెమ్మగా ఉన్న మూలలో స్ప్రింగ్‌టెయిల్స్ అనే అతి చిన్న పురుగుల్లాంటి జీవుల్ని వదిలితే బూజును అవే తింటాయి.

ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి?

పెంపకంలో పుట్టినవాటినే. అడవి నుంచి పట్టినవి వద్దు. ఒక తొర్రను పగలగొట్టి తల్లినీ పిల్లల్నీ పట్టుకుపోతే ఆ తొర్రే పోతుంది, మళ్ళీ అక్కడ ఏ సాలీడూ ఉండదు. పొయెసిలోథెరియా జాతులన్నీ 2019 నుంచి సైటీస్ (అడవి జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్నాయి, అంటే దేశం దాటించాలంటే అనుమతి పత్రాలు తప్పనిసరి. శ్రీలంకకు చెందిన ఐదు పొయెసిలోథెరియా జాతుల్ని 2018లో అమెరికా తన అంతరించే జాతుల చట్టం కింద చేర్చింది. మీరున్న చోట చట్టం ఏం చెబుతుందో కొనకముందే తెలుసుకోండి. కాగితాలు చూపించలేని అమ్మకందారు దగ్గర కొనవద్దు.

గుంపును ఆపేయాలనుకుంటే ఎలా విడదీయాలి?

ముందు డబ్బాలు సిద్ధం చేసుకోండి. మీ లెక్క ప్రకారం ఎన్ని ఉన్నాయో అన్ని, ఇంకో నాలుగు ఎక్కువ. ఒక్కోదానిలో మట్టి, చిన్న బెరడు ముక్క, నీళ్ళ మూత పెట్టి ఉంచండి. ఎవరైనా ఒకరు తోడుండాలి, ఒంటరిగా చేయవద్దు. తలుపు కింద సందులు గుడ్డతో మూసేయండి. పెట్టెను టబ్బులో పెట్టి, కార్క్ ముక్కల్ని ఒక్కొక్కటే, దాని మీదున్న పట్టుతో సహా మెల్లగా ఎత్తండి. ఎక్కువగా ఒక్కో ముక్కకూ ఒకటి రెండు అంటిపెట్టుకుని ఉంటాయి. వాటిని బ్రష్‌తో వెనక నుంచి తాకితే ముందున్న డబ్బాలోకి పోతాయి. బెరడులన్నీ అయ్యాక మట్టిని ఒక మూల నుంచి చెంచాతో కొద్దికొద్దిగా తీసి, వేరే టబ్బులో వేళ్ళతో కాకుండా చెంచాతోనే పరిచి చూడండి. కుబుసంలో ఉన్నది దొరికితే దాన్ని తాకవద్దు, కింద ఉన్న పట్టు చాపతో సహా ఎత్తి డబ్బాలో పెట్టండి. లెక్క సరిపోయినా ఆ మట్టిని ఆ రోజే పారేయకండి. మూత బిగించి రెండు వారాలు ఉంచండి, నీళ్ళ గిన్నె కూడా పెట్టండి. నేను విడదీసిన గుంపులో తొమ్మిదోది అలా పదకొండో రోజున బయటికి వచ్చింది.